గంగజాతర అయ్యాక అమెరికా: ఎండాకాలం అపార్ట్‌మెంటు కాపురానికి చిట్కాలు

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ముగిసిందంటే తిరుపతి ఇళ్లల్లో అటక మీది పెట్టెలు కిందికి దిగుతాయి. దేవస్థానంలో రిటైరైనవాళ్లు, యూనివర్సిటీ మేష్టర్లు, చిత్తూరు వైపు మామిడి తోటలున్న పెద్దవాళ్లు కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో బయల్దేరి, శ్రీవారి బ్రహ్మోత్సవాల నాటికి తిరిగొస్తారు. పిల్లలు డాలస్ లాంటి చోట సొంతిల్లు కొనుక్కుని, వెనకాల పెరడు కూడా ఉంటే చిక్కులు తక్కువ. న్యూజెర్సీలో జెర్సీ సిటీ లాంటి ఊళ్లో, ఇరవయ్యో అంతస్తులో అద్దె అపార్ట్‌మెంటుకు వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఈ చిట్కాలు వాళ్లకోసం.

ఒక్క మాట ముందే చెప్తాను, మిగతావి చాలావరకు దాన్నుంచి పుట్టేవే. మనిళ్లల్లో పొగ మిద్దె మీదికి పోతుంది, నీళ్లు దొడ్లోకి పోతాయి, చప్పుడు వీధిలో కలిసిపోతుంది. అక్కడ ఈ మూడూ పోయేది పక్కింటికి. వీటి మీద ఓ కన్నేసి ఉంచితే నాలుగు నెలలూ గొడవ లేకుండా గడిచిపోతాయి.

1. పెట్టెలో ఏం పెట్టాలనేదాని కన్నా ఏం పెట్టకూడదో ముందు తేల్చుకోండి. పచ్చి కరివేపాకు వద్దు. నిమ్మ, నారింజ తోటల్ని పాడుచేసే తెగులును మోసే పురుగు కరివేపాకు చెట్టు మీద కూడా బతుకుతుంది, అందుకే అమెరికావాళ్లకు ఆ ఆకంటే అంత భయం. బియ్యం వద్దు, నిల్వ ధాన్యాన్ని తినే ఖప్రా పురుగు భయంతో మన దేశపు బియ్యాన్ని ప్రయాణికుల సామానులో రానివ్వరు. పండ్లు, కూరగాయలు, నాటుకునే విత్తనాలు, కోడి పచ్చడి, మాంసం పచ్చడి కూడా వద్దు. మామిడికాయ ఊరగాయ, పొడులు, ఎండు వడియాలు, అప్పడాలు తీసుకెళ్లొచ్చు.

విమానం దిగాక అధికారి “తిండి వస్తువులు ఉన్నాయా” అని అడిగితే ఉన్నాయనే చెప్పండి. చెప్పాక వాళ్లకు పనికిరానిదేదైనా కనిపిస్తే తీసి పక్కన పడేస్తారు, అంతే. దాచి దొరికితే జరిమానా. మరో సంగతి, అమెరికా విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్ల డబ్బాకు మించి పొడులుంటే విడిగా తనిఖీ చేస్తారు, తేల్చుకోలేకపోతే పారేస్తారు. కందిపొడి, సున్నిపిండి, రాగిపిండి అన్నీ పెద్ద పెట్టెలోకే. శ్రీవారి లడ్డూలు మాత్రం నలిగిపోకుండా గట్టి డబ్బాలో పెట్టి చేతిలో ఉంచుకోండి.

2. ఇక్కడి ఇల్లు. గ్యాసు రెగ్యులేటరు తీసెయ్యాలి, మోటారు స్విచ్చి ఆపాలి, ఎస్పీడీసీఎల్ బిల్లు ఎవరు కడతారో తేల్చాలి. తాళం వేసిన ఇళ్లమీద కెమెరాతో నిఘా పెట్టే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసుల దగ్గరుంది, ఎన్నాళ్లకు పెడతారో స్టేషన్లో అడగండి. అన్నిటికన్నా మర్చిపోయేది ఫోను సిమ్ము. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. వెళ్లకముందే రోమింగు తెరిపించి, తిరిగొచ్చేదాకా సరిపడా రీచార్జి చేయించి పెట్టుకోండి. అక్కడికి వెళ్లాక పెన్షను డబ్బు కదల్చడానికి ఓటీపీ రాక ఇబ్బంది పడేవాళ్లు కొల్లలు.

3. వీసా మీద పదేళ్లని ఉన్నంత మాత్రాన పదేళ్లుండమని కాదు. ఎన్నాళ్లుండొచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. మామూలుగా ఆరు నెలలిస్తారు. దిగిన వారంలో పిల్లలచేత దాన్ని ఇంటర్నెట్లో తీయించి, ఆఖరి తేదీ చూసుకుని, ఓ కాగితం ముద్రించి ఉంచండి.

ఇలాంటిదే ఇంకో కాగితం. చాలా అద్దె ఒప్పందాల్లో చుట్టాలు ఎన్ని రోజులుండొచ్చో రాసి ఉంటుంది, రెండు వారాలే అని పెట్టేవాళ్లూ ఉన్నారు. “మా అమ్మానాయనా నాలుగు నెలలుంటారు” అని పిల్లలు ముందే లీజింగు ఆఫీసులో చెప్పి, మీ పేరు రాయించి, మీకు వేరే తాళం, లిఫ్టుకు వేరే బిళ్ల ఇప్పించాలి. ఇది అల్లుడికో కొడుక్కో గుర్తుచేయాల్సింది మీరే. వాళ్లకు ఆఫీసు పనుల్లో గుర్తుండదు.

4. తలుపు. మనింట్లో గడియ వేస్తేనే పడుతుంది. అక్కడ చాలా తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, మూసుకున్నాక బయటినుంచి తాళం లేందే తెరుచుకోవు. చెత్త పడేసే కిటికీలాంటిది వరండా చివర ఉంటుంది. నైటీలో, చెప్పుల్లేకుండా, పొయ్యి మీద పప్పు పెట్టి, చెత్తసంచి పట్టుకుని “ఇలా వెళ్లి అలా వద్దాం” అని బయటికి అడుగేస్తే వెనకాల టక్కుమని శబ్దం వినిపిస్తుంది. ఫోను లోపల, తాళం లోపల, కొడుకు న్యూయార్కులో. మన అవ్వలు బీరువా తాళాలు నడుముకు దోపుకునేవాళ్లు కదా, ఆ అలవాటును మళ్లీ తెచ్చుకోండి. తాళాన్ని పిన్నీసుతో కొంగుకు తగిలించుకుంటే ఇంకా మేలు. ఇంటి నంబరు, పిల్లల ఫోను నంబరు రాసిన చీటీ కూడా దాంతోనే ఉండాలి.

5. మిక్సీ మోసుకెళ్లొద్దు. మన కరెంటు 230 వోల్టులు, వాళ్లది 120. ఇక్కడి మిక్సీ అక్కడ మూలుగుతుంది గానీ కొబ్బరి నలగదు. 110 వోల్టులకు చేసిన మన కంపెనీల మిక్సీలు, గ్రైండర్లు అక్కడి ఇండియన్ స్టోర్లలోనే దొరుకుతాయి. ఫోను చార్జర్లు రెండింటికీ పనిచేస్తాయి, ప్లగ్గు మార్చే చిన్న ముక్క చాలు.

6. తిరగవాత. ఈ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కాస్త వివరంగా చెప్పాలి.

ఇంటి కప్పుకు గుండ్రటి తెల్ల బిళ్లలుంటాయి. పొగ తగిలితే చెవులు చిల్లులు పడేలా అరుస్తాయి. మన చిత్తూరు వంటలో ఎండుమిరక్కాయ నూనెలో నల్లబడాలి, తెల్లగడ్డ ఎర్రగా వేగాలి, ఆ ఘాటుకు ఇంట్లోవాళ్లంతా తుమ్మితేనే పప్పు కుదిరినట్టు. అక్కడ ఆ ఘాటు ముందు పలకరించేది ఆ బిళ్లనే.

అది అరిచినప్పుడు గాలాడాలని చాలామంది గబగబా వరండా వైపు తలుపు తెరుస్తారు. అక్కడే వస్తుంది చిక్కు. ఇంట్లో బిళ్ల అరుపు సాధారణంగా ఇంటివరకే. వరండాలో ఉన్న బిళ్ల మొత్తం భవనానిది. పొగ అక్కడికి పాకితే ఇరవై అంతస్తులూ మోగుతాయి, పసిపిల్లల్ని ఎత్తుకుని జనం మెట్లు దిగుతారు, కింద ఫైరింజను వచ్చి నిలబడుతుంది. మీ తిరగవాతకు అంత ఊరేగింపు అక్కర్లేదు. పొయ్యి ఆపండి, కిటికీ తెరవండి, బిళ్ల కింద తువ్వాలు విసరండి. వరండా తలుపు మాత్రం ముట్టుకోకండి. బిళ్లకు ప్లాస్టిక్ కవరు తొడగడం, బ్యాటరీ పీకడం అసలే వద్దు. అది ప్రాణానికి ముప్పు, అద్దె ఒప్పందానికీ విరుద్ధం.

ఇక అరవకుండా చూసుకునే ఉపాయాలు. పొయ్యి పైనున్న ఫ్యాను గాలిని బయటికి పంపేదో, జల్లెడ పట్టి తిరిగి ఇంట్లోకే వదిలేదో పిల్లల్నడిగి తెలుసుకోండి. చాలా అపార్ట్‌మెంట్లలో రెండో రకమే ఉంటుంది, దాన్ని నమ్ముకోలేం. వంట మొదలుపెట్టకముందే ఫ్యాను వేసి, కిటికీ వేలెడంత తెరిచి, వెనక పొయ్యి మీద తిరగవాత వేయండి. ముందు పొయ్యిలకన్నా వెనకవాటి మీది పొగ ఫ్యానుకు బాగా అందుతుంది. గానుగ చెనక్కాయ నూనెకు త్వరగా పొగలొస్తాయి, తిరగవాత వరకు రిఫైన్డు నూనె వాడితే మేలు. నూనె పొగలొచ్చేదాకా ఆగకుండా ఓ ఆవగింజ వేసి చూడండి, చిటపటమంటే మిగతావి వేయండి. మిరక్కాయ ఆఖరున వేసి, వెంటనే పొయ్యి ఆపి మూత పెట్టండి. ఆ వేడికే అది వేగిపోతుంది. రుచిలో రవ్వంత తేడా ఉంటుందని ఒప్పుకుంటాను.

7. దీపం. కొన్ని అద్దె ఒప్పందాల్లో కొవ్వొత్తులు కూడా నిషేధమే, దీపం సంగతి ముందు కనుక్కోండి. వెలిగించొచ్చంటే వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో, కర్టెన్లకు దూరంగా, మీరు ఆ గదిలో ఉన్నంతసేపే వెలిగించండి. హారతి కర్పూరం ఒక్క బిళ్ల చాలు, సాంబ్రాణి మాత్రం తిరిగొచ్చాక వేసుకుందాం. అపార్ట్‌మెంటు వరండాలో ముగ్గు, తలుపు బయట చెప్పులు కూడా చాలా భవనాల్లో ఒప్పుకోరు. అది మంటలొస్తే జనం పరుగెత్తే దారి.

8. అద్దం పొయ్యి. మంట కనబడదు, ఆపాక కూడా చాలాసేపు కాలుతుంది. ఆపిన పొయ్యి మీద ప్లాస్టిక్ డబ్బా పెడితే కరిగి అతుక్కుంటుంది. గుండ్రటి అడుగున్న బాండలికి వేడెక్కదు, అడుగు సపాటంగా ఉన్నవే కావాలి. ఇనప పెనాన్ని దాని మీద ఈడ్చొద్దు, గీతలు పడతాయి, ఖర్చు పిల్లల మీద పడుతుంది.

రాగిసంగటి ఎలా అంటారా? ఉడికించడం పొయ్యి మీదే, గెలకడం మాత్రం కింద. సంగటి కట్టెతో బలంగా తిప్పితే గిన్నె పక్కకు జారి అద్దానికి కొట్టుకుంటుంది. నేల మీద చెక్కపీటో కూరగాయలు తరిగే మందపాటి చెక్కో వేసి, దాని మీద తడిగుడ్డ పరిచి, గిన్నె దించి గెలకండి. కార్పెట్టు మీద గానీ, చెక్కలా కనిపించే ప్లాస్టిక్ నేల మీద గానీ వేడిగిన్నె నేరుగా పెడితే మచ్చ పడి, ఇల్లు ఖాళీ చేసేనాడు డిపాజిట్లో కోత పడుతుంది.

9. సింకులో మీట నొక్కితే గరగరమనే యంత్రం ఉంటే, అందులో అన్నీ వేయొచ్చని అనుకోకండి. మునక్కాయ పిప్పి, చింతపండు పిప్పి, కొబ్బరి పీచు, అన్నం మెతుకులు, వాడిన నూనె వేయకూడదు. పీచు చుట్టుకుంటుంది, అన్నం గొట్టంలో ఉబ్బుతుంది, నూనె గడ్డకడుతుంది. నూనెను పాత సీసాలో పోసి మూత బిగించి చెత్తలో వేయండి. యంత్రంలో చెయ్యి పెట్టి చెంచా తీయడం, స్విచ్చి ఆపి ఉన్నా సరే, వద్దు.

10. స్నానాల గది. నీళ్ల విషయంలో అందరూ జారేది ఇక్కడే, రెండు అర్థాల్లోనూ.

మన బాత్రూములో ఎటు కుమ్మరించినా నీళ్లు మూలనున్న రంధ్రంలోకి పోతాయి. అక్కడ తొట్టి బయట నేలకు రంధ్రముండదు. పడిన నీళ్లు పలకల సందుల్లోంచి కిందింటి కప్పులోకి దిగుతాయి. కిందింటివాళ్ల కప్పు మీద పసుప్పచ్చ మరక కనిపించాక మేనేజరు మీ తలుపే కొడతాడు. అందుకని బకెట్టు, చెంబు వాడుకునేవాళ్లు వాటిని తొట్టిలోపలే పెట్టుకోవాలి. కర్టెను అంచు తొట్టిలోపలికి ఉండాలి, బయటికి వేలాడితే నీళ్లన్నీ దాన్నంటుకుని నేల మీదికే. స్నానమయ్యాక నేల తుడిచేయాలి.

పండగ పూట తలంటు ఉండనే ఉంటుంది. నూనె తొట్టిలో పడిందంటే అరవయ్యేళ్లవాళ్లకు అంతకన్నా ప్రమాదం లేదు. రబ్బరు చాప ముందే పరవండి, అయ్యాక గిన్నెలు కడిగే సబ్బుతో తొట్టి రుద్దేయండి, మీ తర్వాత దిగేది మనవడు కావచ్చు. సున్నిపిండి, శీకాయ పిప్పి గొట్టాన్ని మూసేస్తాయి, రంధ్రం మీద సన్నని జల్లెడ పెట్టుకోండి.

మరుగుదొడ్డి పక్కన నీళ్ల గొట్టం లేదని దిగులొద్దు. ఫ్లష్ ట్యాంకుకు నీళ్లొచ్చే గొట్టానికే తగిలించుకునే పంపు దొరుకుతుంది, తీసేటప్పుడు గోడకు గుర్తులేమీ ఉండవు. వాడిన ప్రతిసారీ దాని మొదట్లో ఉన్న చిన్న కుళాయిని మాత్రం కట్టేయాలి. లేకపోతే గొట్టంలో ఒత్తిడి నిలిచి, మీరు గుడికెళ్లిన పూట అది పగిలిందంటే ఇల్లు చెరువే. తడి కాగితాలు, వాటి మీద “ఫ్లష్ చేయొచ్చు” అని రాసి ఉన్నా సరే, మరుగుదొడ్డిలో వేయకండి.

11. బట్టలు చాలాచోట్ల బాల్కనీలో ఆరేయనివ్వరు. డ్రయ్యర్లో వేస్తే వెంకటగిరి నూలు చీర జరీ, గంజి అన్నీ పోయి ముడతలు పడిన గుడ్డలా బయటికొస్తుంది, పంచె కురచవుతుంది. మడిచే స్టాండు ఒకటి కొనిపించుకుని ఎండ పడే కిటికీ దగ్గర ఆరేయండి. ఏసీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి రాత్రికి ఆరిపోతాయి. తువ్వాళ్లు, దుప్పట్లు డ్రయ్యర్లో వేసుకోవచ్చు, వేసిన ప్రతిసారీ దాని జల్లెడకు పట్టిన నూగు తీసేయాలి. నూగు పేరుకుంటే నిప్పంటుకుంటుంది.

12. పెరుగు తోడుకోవడం లేదని ఫోన్లు చేసే అమ్మలకు ఒకే జవాబు: తప్పు పాలది కాదు, ఏసీది. రాత్రంతా చల్లగా ఉన్న ఇంట్లో తోడు పని చేయదు. గోరువెచ్చని పాలలో తోడు కలిపి, గిన్నెను ఓవెన్లో పెట్టి, ఓవెను వేయకుండా లోపలి లైటు మాత్రం వేయండి. ఆ బల్బు వేడికే తెల్లారేసరికి గడ్డగా ఉంటుంది. ఓవెను తలుపుకు “లోపల పెరుగుంది” అని చీటీ అంటించడం మర్చిపోవద్దు, పొద్దున్నే కోడలు కేకు కోసం ఓవెను వేడిచేయొచ్చు. మీగడ కోసం మాత్రం ఆశ పెట్టుకోకండి. అక్కడి పాలలో వెన్నను విడిపోకుండా కలిపేస్తారు, చిలికి వెన్న తీద్దామంటే కుదరదు. నెయ్యి కావాలంటే ఉప్పులేని వెన్న కొని కాచుకోవచ్చు.

13. సరుకులు. జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర న్యూయార్క్ అవెన్యూ అని మనం పొరబడే న్యూఆర్క్ అవెన్యూ ఉంది, దాని ఒక ముక్కను ఇండియా స్క్వేర్ అంటారు. ఎడిసన్, ఐజెలిన్ వైపు వెళ్తే ఓక్ ట్రీ రోడ్డు. సోనామసూరి బియ్యం, రాగిపిండి, చింతపండు, గోంగూర, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. బియ్యం బస్తా 20 పౌండ్లంటే 9 కిలోలు, పాల గ్యాలను 3.8 లీటర్లు. న్యూజెర్సీలో 2022 మే నుంచి దుకాణాలు ప్లాస్టిక్ సంచులివ్వడం ఆపేశాయి, పెద్ద సరుకుల దుకాణాల్లో కాగితం సంచీ కూడా ఇవ్వరు. మన గుడ్డసంచులు నాలుగు పెట్టెలో పడేసుకోండి, బరువుండవు. ధర చూసి డాలరును రూపాయిల్లోకి మార్చే పని మొదటి వారమే మానేయాలి. లేకపోతే కొత్తిమీర కట్ట కూడా గొంతు దిగదు.

మామిడిపండు మాత్రం మనకు గుండెకోత. సరిగ్గా మన బేనీషాలు దిగే నెలల్లోనే మనం అక్కడుంటాం. మన దేశపు మామిడిని అమెరికా 2007లో మళ్లీ రానిచ్చింది. అయినా వికిరణం పట్టి విమానంలో తేవాలి కాబట్టి పెట్టె ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. మెక్సికో నుంచొచ్చే పండ్లలో చిన్నగా, పసుప్పచ్చగా, పల్చగా ఉండే అటాల్ఫో కొనండి. పీచుండదు, తియ్యగా ఉంటుంది. ఎర్రగా నిగనిగలాడే లావు పండు చూపుకే గాని నోటికి కాదు. పచ్చడికి మెక్సికో పచ్చికాయలు పనికొస్తాయి. మామిడి గుజ్జు డబ్బా కొనేముందు ఓసారి తిప్పి, ఎక్కడ తయారైందో చదవండి. చిత్తూరు జిల్లా తోతాపురి గుజ్జు విదేశాలకు వెళ్లే సరుకే కదా.

14. ఏసీ, పగలు, గడియారం. తిరుపతిలో మే ఎండలు 40 దాటాక వెళ్లినవాళ్లు అక్కడ మొదటి వారం స్వెటరు కోసం వెతుకుతారు. గోడకున్న మీట ఫారెన్‌హీటులో ఉంటుంది. అంకెలోంచి 30 తీసి సగం చేస్తే మన డిగ్రీలు దాదాపుగా వచ్చేస్తాయి. 78 పెడితే మన ప్రాణానికి సుఖంగా ఉంటుంది, పిల్లలు 72 అంటారు. మీ గదిలోకి గాలొచ్చే జాలీని కొంచెం మూసుకుంటే గొడవ ఉండదు.

జూన్లో అక్కడ పొద్దు గూకేది ఎనిమిదిన్నరకు. చీకటి పడ్డాక భోంచేద్దామంటే కుదరదు, గడియారం చూసే తినాలి, పడుకోవాలి. ఎండాకాలంలో వాళ్ల గడియారం మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. తిరుమలలో సాయంత్రం ఐదున్నరకు జరిగే సహస్రదీపాలంకరణ సేవ ఎస్వీబీసీలో చూడాలంటే అక్కడ ఉదయం ఎనిమిది. కాఫీ వేళకు సరిగ్గా కుదురుతుంది. పండగలకు, ఏకాదశికి మాత్రం ఇక్కడి క్యాలెండరు పట్టుకెళ్లి లాభం లేదు, తిథి ఒక రోజు ముందే పడొచ్చు. అక్కడి గుళ్లు ఇచ్చే క్యాలెండరు చూసుకోండి. బ్రిడ్జ్‌వాటర్లో వేంకటేశ్వరుడి గుడి ఉంది, శనివారం పిల్లలకు తీరికుంటే వెళ్లిరావచ్చు. దేవస్థానం సహకారంతో 1970ల్లో పిట్స్‌బర్గ్ దగ్గర పెన్‌హిల్స్‌లో కట్టిన గుడికి ఎప్పుడన్నా సెలవుల్లో ప్రయాణం పెట్టుకోండి, మన ఊరివాళ్లకు అది చూడదగ్గదే.

15. చప్పుడు. రోట్లో ఊరిబిండి దంచాలనిపిస్తే పగటిపూట, రోటి కింద మందపాటి తువ్వాలు మడత వేసి దంచండి. రాత్రి పది దాటాక మిక్సీ, కుర్చీలీడ్చడం, స్పీకరులో ఊరికి ఫోన్లు వద్దు. కుక్కరు ఈలకు పొరుగువాళ్లు మొదట్లో కంగారుపడతారు, తర్వాత వాళ్లే అలవాటుపడతారు.

16. చెనక్కాయలు. మనకు ఇడ్లీలోకి చెనక్కాయ చట్నీ, వంకాయ కూరలో చెనక్కాయ పొడి, సాయంత్రం వేయించిన చెనక్కాయలు. అక్కడ కొందరు పిల్లలకు చెనక్కాయ రవ్వంత నోట్లో పడితే చాలు, గొంతు వాచి ఊపిరాడదు. ఇది నిజమైన జబ్బు, వాళ్ల గారాబం అనుకోవద్దు. చాలా బళ్లు, వేసవి శిబిరాలు చెనక్కాయలు, జీడిపప్పు లోపలికి రానివ్వవు. మనవడి టిఫిన్ డబ్బాలో చట్నీ పెట్టేముందు వాడి అమ్మనడగండి. లడ్డూలో జీడిపప్పు ఉంటుంది కాబట్టి, పొరుగింటి పిల్లకు ప్రసాదం పెట్టేముందు ఆ పిల్ల తల్లినీ అడగండి. అడిగితే మర్యాద తగ్గదు, పెరుగుతుంది.

17. మందులు. ఉన్నన్నాళ్లకూ సరిపోగా ఇంకో నెలకు, కంపెనీ అట్టల్లోనే, డాక్టరు చీటీతో పాటు చేతిసంచిలో పెట్టుకోండి. షుగరు చూసుకునే యంత్రం, దాని పుల్లలు కూడా. వేలూరు సీఎంసీలోనో స్విమ్స్‌లోనో చూపించుకునేవాళ్లు ఫైలు మొత్తం ఫొటోలు తీసి ఫోన్లో ఉంచండి. పారాసిటమాల్‌ను అక్కడ ఎసిటమినోఫెన్ అని అమ్ముతారు, పేరు వేరని రెండూ కలిపి వేసుకోవద్దు. ఇన్సూరెన్సు ఇక్కడే కొనండి గానీ, పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తారో చదివి కొనండి. చవకని తీసుకున్న పాలసీలు అక్కడే చేతులెత్తేస్తాయి. జ్వరం, దెబ్బలకు అర్జెంట్ కేర్ అనే చిన్న ఆస్పత్రి చాలు, ఛాతీనొప్పికి మాత్రం బిల్లు గురించి ఆలోచించకుండా 911.

18. ఆ 911 గురించే. ఇండియా కోడు 91 కాబట్టి, ముందు 011 నొక్కకుండా తొందరలో 91, ఆ పైన ఒకటి నొక్కితే నేరుగా పోలీసులకే పోతుంది. పోతే పెట్టేయకండి. పెట్టేస్తే ఏమైందోనని ఇంటికొస్తారు. “సారీ, రాంగ్ నంబర్” అని చెప్పి, వాళ్లు అడిగినదానికి జవాబిస్తే అయిపోతుంది.

19. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమకు చూడాలి. అక్కడ బళ్లు కుడివైపు నడుస్తాయి, మన మెడ మాత్రం అరవయ్యేళ్ల అలవాటుతో కుడికే తిరుగుతుంది. స్తంభానికున్న మీట నొక్కి, తెల్లటి మనిషి బొమ్మ వెలిగాకే దాటండి.

20. పగలంతా ఇంట్లో ఇద్దరే ఉంటే బాల్కనీ నాలుగో రోజుకే జైలవుతుంది. పొద్దున్నే ఒకే వేళకు, ఒకే పార్కుకు వెళ్లండి. వారంలోగా ఏ నెల్లూరువాళ్లో కడపవాళ్లో బెంచీ మీద తగలకపోరు. అలా పరిచయమైన ఇళ్లవాళ్లు “మా పాపని కాస్త చూస్తారా, గంటకింత ఇస్తాం” అంటే మాత్రం ఒప్పుకోకండి. పచ్చళ్లు పెట్టి అమ్మడం కూడా అంతే. సందర్శకుల వీసా మీద సంపాదన కుదరదు, తేలితే మళ్లీ మనవడిని చూసే దారి మూసుకుంటుంది.

కోడలి వంటింట్లో డబ్బాలు మీ పద్ధతిలో సర్దేయొద్దని కూడా ఇక్కడే చెప్తాను. ఓ అలమారు అడిగి తీసుకుని మీ పొడులు, మీ కాఫీ ఫిల్టరు, మీ సంగటి కట్టె అందులో పెట్టుకుంటే ఇద్దరికీ సుఖం.

21. తిరుగు ప్రయాణం. చాలా టిక్కెట్లకు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 23 కిలోలు. ఇంట్లోనే తూచుకుంటే విమానాశ్రయంలో పెట్టె తెరిచి చీరలు తీసే బాధ తప్పుతుంది. రేణిగుంటలో విమానాశ్రయం ఉన్నా దిగేది చెన్నైలోనో బెంగళూరులోనో. చెన్నైలో దిగేవాళ్లు చుట్టాల పిల్లలకని తెచ్చిన చాక్లెట్లను కారు డిక్కీలో పడేయకుండా కాళ్ల దగ్గర, ఏసీ గాలి తగిలేచోట పెట్టుకోండి. డిక్కీలో పెడితే పుత్తూరు దాటేలోపే పానకం.